ఇంకా పైనే

అమ్మమ్మ కుల్పాష్ గొర్రెల దొడ్డికి
తలుపు ఒక రాకెట్ రేకు.
స్టెప్పీలో మంచు మీద పడి ఉంటే
తాత ఒంటెకి కట్టి ఈడ్చుకొచ్చాడట.
తుప్పు పట్టదు. గాలి వచ్చినప్పుడు
ఏదో గొణుగుతుంది.
"పైకి పోయింది కిందికి రావాల్సిందే"
అంటుంది అమ్మమ్మ, దాన్ని తడుతూ.

నేను అస్సీ పీఠభూమి మీద
రాత్రి డ్యూటీలో మందను కాస్తాను.
గొర్రెలు కావు:
విరిగిన రెక్కలు, ఖాళీ ట్యాంకులు,
పేరు పోయి నంబరు మిగిలిన ఇనుము.
వాటిలో ఒక మొండెం నాకు బాగా తెలుసు.
నేను బడిలో చేరిన ఏడు ఎగిరింది,
పాత కాగితాల ప్రకారం నిరుడే రాలాలి.
దాని గడువు మూడుసార్లు దిద్దాను,
మూడుసార్లూ వెనక్కే జరిపాను.
మొదటిసారి సూర్యుడు నిద్రపోతున్నాడన్నాను.
తర్వాత ఆ సాకు చాలలేదు.

చలికాలం సెలవులో చెప్పబోయాను.
పొయ్యిలో బొగ్గు ఎగదోస్తూ విన్నది.
"పొగ నేలని కాలుస్తుందంటావు,
అదే పొగ ఆకాశాన్ని చల్లార్చుతుందంటావు,
ఒక నోట రెండు మాటలా?"

కింద ఇరుకు, అమ్మమ్మా.
ఒకరు వదిలిన వేడిని పక్కవాడు పట్టుకుంటాడు.
అంత ఎత్తున పక్కవాడే లేడు.
బొగ్గుపులుసు వాయువు చేతిలో వేడినంతా
శూన్యంలోకి విసిరేస్తుంది.
తిరిగిచ్చే దిక్కు లేదు.
కింద దుప్పటి, పైన విసనకర్ర.

"అయితే చలికి ముడుచుకుంటుందన్నమాట,
నాలాగా."

అవును. ముడుచుకుని కిందికి జారింది గాలి.
తిరిగే ఇనుముని నిమిరి నిమిరి
నెమ్మదిగా నేలకు దించే చెయ్యి
పలచబడిపోయింది.

"రెండు గుద్దుకుంటేనో?"
రెండు వేలవుతాయి.
"మా మంద ఏనాడూ అంత బాగా ఈనలేదు"
అని నవ్వింది, నేను నవ్వలేదు.

సందె చీకట్లో బయటికొచ్చాం.
ఒక చుక్క రాలింది.
మాలో ఎవరైనా అది చూస్తే వెంటనే అనాలి,
పోయింది నేను కాదని చెప్పడానికి:
"నా నక్షత్రం ఇంకా పైనే."
అమ్మమ్మ అంది. నేనూ అన్నాను.

అప్పుడే పడమటి నుంచి
దొర్లుతూ, మెరుస్తూ, ఆరుతూ, మళ్ళీ మెరుస్తూ
నా మొండెం వచ్చింది.
దానికి ఆ మాట ఎవరూ నేర్పలేదు.
దొడ్డి తలుపు గొణిగింది.

అమ్మమ్మ లోపలికి పోయి
ఇంకో పార బొగ్గు వేసింది.
చలి మరి.