తొలగింపు వినతి

రాత్రి పదకొండున్నరకు
నా పేరు నేనే కొట్టి చూసిన.
గుండేటి స్వరూప, నలభై ఒకటి, రాంనగర్.
ఫోన్ నంబరుల చివరి రెండంకెలకు మాత్రం
ముసుగేసిండ్రు, మర్యాదకు.

పోస్ట్‌మన్ సత్తయ్యకే దొరకని ఇల్లు మాది.
మూడు బై నంబర్లు, రెండు సందులు,
"పిండిగిర్నీ పక్కకెళ్ళి రా" అని చెప్తే తప్ప
చుట్టాలు సుత ఇరానీ హోటల్ కాడ్నే ఆగిపోతరు.
ఇప్పుడు ఎవ్వడో ఎరుకలేనోడు
పొద్దుగాల ఫోన్ జేసి
"మేడమ్, రెండో అంతస్తే గదా" అంటడు.

తీసెయ్యమని అడిగితే
నువ్వు నువ్వేనని రుజువేంది అన్నరు.
ఆధార్ అడిగిండ్రు, కరెంటు బిల్లు అడిగిండ్రు.
దొంగకు తాళంచెవి జూపెట్టినంకనే
తలుపు మూసుకోవాల్నంట.
అంకెల మీద నల్లగీత గీసి పంపిన.

బంధువులు అన్న కాడ
నేను విడిచిపెట్టిన మనిషి పేరు.
కోర్టు పదేండ్ల కిందనే తెంపేసింది,
వీళ్ళకింకా ఖబర్ అందలే.
మొదలు దానికే టిక్కు పెట్టిన.

ఆఖరుకు, అంబర్‌పేట పాత చిరునామా.
రోడ్డు వెడల్పుల పోయిందా ఇల్లు.
జేసీబీ వచ్చిన పొద్దు
మెట్ల కింద మోటరు
ఇంకా ట్యాంకుకు నీళ్ళు ఎక్కిస్తనే ఉండె.
ఇప్పుడు దాని మీదికెళ్ళి బస్సులు పోతున్నయ్.
నంబరు, బై నంబరు, పిన్‌కోడ్‌తోని సహా
అది నిలబడ్డది ఈ ఒక్క పేజీలనే.

వేలు కొద్దిసేపు ఆడలే.

తెల్లారి మెయిలొచ్చింది:
డెబ్బై రెండు గంటలలో తొలగించబడును.
కింద, చీమలంత అక్షరాల్ల:
మీ వినతి మా రికార్డులలో
భద్రపరచబడును.