అర డిగ్రీ

పర్లాకిమిడిలో నా జెరాక్సు దుకాణంలోనే
పటాన్ని పెద్దది చేసి, నాలుగు కాగితాలు అతికించాను.
అతుకు దగ్గర ఒక కొండ రెండుసార్లు వచ్చింది,
ఒక వాగు మాయమైంది.
"ముందు ఇది సరిచెయ్యమ్మా" అన్నాడు బైరాగి గొమాంగో,
అడవిశాఖలో ముప్పై ఏళ్లు హద్దురాళ్లు పాతించి
ఇప్పుడు ఖాళీగా ఉన్నవాడు.
"కాగితం అబద్ధమాడితే ముల్లేటి చేస్తాది?"

నలభై ఆరేళ్లకి దిక్కులు నేర్చుకోవడమేంటని
మా ఆడపడుచు నవ్వింది.
నిజమే. నాకు తెలిసిన దిక్కులు వేరు:
తల పెట్టి పడుకోకూడనిది,
దీపం తిప్పకూడనిది,
ఏ వారం ఎటు బయల్దేరకూడదో అది.
పెళ్లినాడు పంతులు పైకి చూపించి
చుక్క కనబడిందా అంటే
పందిరి కమ్మలే కనబడ్డాయి.
కనబడింది అన్నాను.

కొయిన్‌పూర్ దాటాం. మహేంద్రగిరి ఇంకా మబ్బులోనే.
అరచేతిలో దిక్సూచి.
ముల్లు వణికి, వెనక్కి పోయి, మళ్లీ వణికి
మెల్లగా ఒకచోట కూర్చుంది.
"ఇది చూపించేది దీని ఉత్తరం.
పటానికి ఇంకో ఉత్తరం.
మధ్యనున్న తేడా నువ్వు కలుపుకోవాల."
ఎంత తేడా?
"ఇక్కడైతే అర డిగ్రీ పైమాట, పడమటికి.
అదీ ఒకచోట ఉండదు,
ఏడాదికి ఇంతని జరుగుతాది."
అర డిగ్రీయేనా అన్నాను, బియ్యంలో రాయిని ఏరేసినట్టు.
ఆయన పుల్లతో మట్టిలో రెండు గీతలు గీశాడు.
మొదట్లో వాటి మధ్య చీమ పట్టదు.
"పది కిలోమీటర్లు పోనీ. తొంభై మీటర్లు.
మంచులో తొంభై మీటర్లంటే
ఊరి పక్కనుంచి ఊరు తెలీకుండా ఎల్లిపోడమే."

స్టేషన్ బోర్డు మీద మా ఊరి పేరు ఒకలా ఉంటుంది,
మా నోట్లో ఇంకోలా.
ఆ మాట అనబోయి ఊరుకున్నాను.
ఇంట్లో సవర, ఆఫీసులో ఒడియా, నాతో తెలుగు:
ఆయనవి మూడు ఉత్తరాలు.

మూడొందల పది అన్నాడు. తిప్పాను.
"ముల్లుని చూసుకుంటూ నడిస్తే గోతిలో పడతావు.
దాని సూటిలో ఒక గుర్తు పట్టు.
మూత మూసెయ్. గుర్తు దాకా నడు."
చీలిన బండ దాకా నడిచాను.
బండ నుంచి పిడుగుపడిన పనస దాకా.
పనస దగ్గర మూత తీసి
బాగా కనబడాలని గుండెలకి దగ్గరగా పట్టుకుంటే
ముల్లు ఒక్కసారి నావైపు తిరిగింది,
పేరు పెట్టి పిలిచినట్టు.

భయపడ్డాను. కొండలో ఇనుముందేమో అన్నాను.
గొమాంగో కొండకేసి చూడలేదు.
"నీ గొలుసుకి ఏటున్నాయి?"
పుస్తెల పక్కన పిన్నీసులు.
ఏడు.
రవిక హుక్కు తెగినప్పటికి ఒకటి,
పక్కింటామె కుచ్చిళ్లకి ఒకటి,
మిగతావి ఎందుకో నాకే తెలీదు,
ఒక్కటి తుప్పు పట్టి తెరుచుకోదు కూడా.
ఒక్కొక్కటే తీసి సంచీ అడుగున వేశాను.
ముల్లు తన చోటికి తను పోయింది.
ఆయన నవ్వలేదు. నేనే నవ్వాను, చాలాసేపు,
పనస మీది కాకి లేచిపోయేదాకా.

పొద్దు వాలేసరికి వాగు దగ్గర తేలాం,
చేరాల్సిన బండకి నలభై అంగలు దిగువన.
"కలపడం మర్చిపోనావు.
ఇందులో పదిహేను ఆ డిగ్రీవి.
మిగతా తప్పు నువ్వూ పిన్నీసులూ పంచుకోండి."

మడమలో ఏదో దిగి ఉంది, ఎప్పుడు దిగిందో.
సంచీ అడుగున తడిమి ఒక పిన్నీసు తీశాను.
నీళ్లలో కాలు పెట్టుకుని
ముల్లు తవ్వుకుంటున్నంతసేపూ
దిక్సూచిని అవతలి రాయి మీద ఉంచాను,
నాకు అందీ అందనంత దూరంలో.
మూత తెరిచే ఉంది.