కాలర్ కింద

పదకొండు నలభై ఏడు.
ఆయన పేరు కంటే ముందు నాకు తెలిసింది ఆ నంబరు.
భుజమ్మీది ఇత్తడి బిళ్ళ తీయడం మరిచి
చొక్కాతోనే పంపేవాడు,
సాయంత్రం వచ్చి, "పోగొట్టినావంటే
నా ఉద్యోగం నువ్వే చెయ్యాల్రా పెరుమాళ్ళూ" అనేవాడు.

చిత్తూరు గ్రీమ్స్‌పేట మలుపులో నా తోపుడుబండి,
టెంకాయచిప్పల బొగ్గులు, మా నాయన వాడిన ఇస్త్రీపెట్టె.
ముప్పైయొక్క ఏండ్లు
హెడ్డు దొరస్వామిని నేను చొక్కాలోంచే చదివినాను.

కాణిపాకం తిరణాల డ్యూటీ అయితే
జేబులో విభూది పొట్లం. ఒక తూరి ఎర్ర రిబ్బను.
"ఎవురిది సామీ?"
"తప్పిపోయిన పాపది. వాళ్ళమ్మ దొరికింది,
రిబ్బను నా కాడ ఉండిపాయ."
మామిడికాయల కాలంలో చేతులంతా సొన మరకలు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్లు మైలు పొడుగునా నిలబడి,
ధర పడిపోయిన రైతులు కాయలు రోడ్డు మీద పారబోస్తా ఉంటే
వాళ్ళ నడుమ నిద్రలేకుండా నిలబడిన రాత్రులవి.
సొన మరక పోదు. ఎంత ఉతికినా పోదు.

ఒకసారి కుడిచేతి మడతలో నెత్తురు.
అడగలేదు. నీళ్ళు చిలకరించి పెట్టె నడిపినాను.
నాలుగు దినాలకు తెలిసింది
అది మా ఏకాంబరందని.

సంతపేటలో ఎవురిదో సైకిలు పోతే
మా తమ్ముణ్ణి పట్టకపోయినారు.
ఆ వారం కూడా చొక్కా వచ్చింది.
ఆ వారం కూడా గంజి పెట్టినాను.
నా మీద నాకే పుట్టిన కోపంతో
కాలర్ కింద, ఎవురికీ కనపడని చోట,
పెట్టెని రెండు ఊపిర్ల సేపు ఎక్కువ ఆనించినాను.
చింతగింజంత మచ్చ.
చూసుకున్నాడో లేదో, ఎప్పుడూ అనలేదు.

రిటైరైనాక తెల్లచొక్కాలు తానే సంచిలో తెచ్చేవాడు.
జేబులో బీపీ మాత్రల అట్ట, కంటాసుపత్రి చీటీ.
బండి పక్కన రాతి మీద కూర్చుని
ఒక దినం, పేపరు మడుస్తా మడుస్తా చెప్పినాడు:
"ఆ సైకిలు పూతలపట్టు కాడ బావిలో దొరికిందిరా, మూడు నెల్లకే.
పంచనామా రాసింది నేనే.
నీకు చెప్పల్యా."

బొగ్గులు ఊదినాను.
నిప్పురవ్వలు ఆయన చెప్పుల దాకా పొయ్యినాయి,
కాళ్ళు ఎనక్కి తీసుకోలేదు.
టీ తాగినాడు. నా టీకీ ఆయనే ఇచ్చినాడు.
మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఇద్దరమూ.

మొన్న బేస్తవారం తెల్లారకముందే కూతురు రేణుక వచ్చింది,
చేతిలో కలరా ఉండల వాసన కొడతా ఉండే కాకీ.
"నాయన దీంట్లోనే పంపమన్నాడన్నా."
కాలర్ తిప్పినాను.
నా మచ్చ చిల్లు పడి ఉండాది,
దాని చుట్టూ కాకీ దారంతో వంకర కుట్టు.
ఆడోళ్ళ చెయ్యి అయితే అంత వంకర పోదు.

ఆ పాప పది రూపాయలిచ్చింది. తీసుకున్నాను.
లెక్క లెక్కే.
నీవా ఒడ్డు దాకా పోయి వచ్చినాను,
బండి మీద బొగ్గులు ఆరిపోయి ఉండాయి.

రాత్రి, చలికి ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని
ఏకాంబరం అడిగినాడు:
"పొయ్యొచ్చినావా?"
"ఊ."
చానా సేపటికి, గోడ పక్కకు తిరిగి,
"చొక్కా బాగా చేసినావా?"