గోధుమరంగు గీత

కేజీహెచ్ కొండ మీద, పెథాలజీ గదిలో
కరెంటు పోయి వచ్చాక మళ్లీ పెట్టాను ఆ స్లైడు.
తెడ్డు దేముడమ్మ, యాభై మూడు, పెదజాలరిపేట.
ఎడమ రొమ్ము.

కణానికీ కణానికీ మధ్య
గోధుమరంగు గీత ఒకటి రావాలి.
కాడ్‌హెరిన్ ఉన్నచోట మా మందు అలా పలుకుతుంది.
రాలేదు.

మందు పాతబడిందేమో అనుకున్నాను.
ఫ్రిజ్‌ని అనుమానించాను,
పొర కోసిన పైడిరాజుని విసుక్కున్నాను కూడా.
రెండోసారి చూస్తే, పక్కనే ఉన్న మంచి నాళంలో
గీతలన్నీ చక్కగా వచ్చి ఉన్నాయి,
పాలగిన్నె అంచున మాడిన మీగడలా.
మందు బాగానే ఉంది.

అయిదు పూసల దండ ఆ ప్రోటీను.
పూసకీ పూసకీ నడుమ కాల్షియం,
గవ్వలోదే, తమలపాకు మీద రాసే సున్నంలోదే.
అదుంటేనే దండ నిటారుగా నిలబడుతుంది,
లేకపోతే తడితాడు.
చివరి పూస అవతలి పూస జేబులో వేలు దూరుస్తుంది,
అవతలిదీ దీని జేబులో.
విడిగా చూస్తే ఎంత బలహీనమైన పట్టో!
వేలకి వేలు చేరితేనే ఒళ్లు.

చదువుకున్నప్పుడు ఇది నా బుర్రకెక్కలేదు.
లాసన్స్ బే దగ్గర తెల్లారకుండా
తెప్ప కడుతుంటే చూశాక ఎక్కింది.
దుంగల్ని తాడేసి, కాలితో తన్నిపెట్టి, బిగిస్తారు.
తిరిగొచ్చాక విప్పి ఆరబెడతారు,
విప్పడం కూడా పనిలో భాగమే.
కెరటం మీద విప్పుకుంటేనే
మనిషి దక్కడు.

ఈమె కణాలు ఒకదాని వెనక ఒకటి
గట్టు మీద పోయే కూలీల్లా నడుస్తున్నాయి,
ఏదీ దేన్నీ పట్టుకోకుండా.
అందుకే గడ్డ చేతికి తగల్లేదట చాన్నాళ్లు.

నాలుగింటికి కిటికీ దగ్గరకొచ్చింది,
చంకలో ఖాళీ తట్ట, కొంగున నైలాన్ దారం ఉండ.
"అయిపోనాదా బావూ?"
డాక్టరమ్మ చెప్తుందమ్మా, కూర్చో.
గోడవార బల్ల మీద కూర్చుంది. చేతులు ఊరుకోలేదు,
దారం తీసి ముడి వేస్తూ, లాగి చూస్తూ, వేస్తూ.
"ఆ గొట్టంలోంచి ఏటి సూత్తావు రోజల్లా?"
ఏం చెప్పాలో తెలీక, ముడులు, అన్నాను.
నవ్వింది. "మేవూ అవే సూత్తాం."

నలభై ఏడో నంబరు పిలిచారు.
తట్ట అక్కడే వదిలేసి
నా కిటికీ చువ్వ పట్టుకుని లేచింది.