సగం గోలీ

మంగళారం పొద్దుగాల ఎక్సైజోళ్ళు జీపుల వచ్చి
కల్లు డిపోకు తాళమేసిండ్రు, తాళం మీద లక్క పోసిండ్రు.
సర్పంచ్ ఫోటో దిగిండు.
బేస్తారం నాటికి
మా వాడకట్టంత వణుకుడు మొదలైంది.

నడిపి మల్లేశ్ గోడ మీద లేని బల్లులతోటి కొట్లాడిండు.
ఇస్తారి పెదనాయినకు ఫిట్స్.
పండ్ల నడుమ చెంచ పెట్టబోయిన,
డాక్టరమ్మ ఫోన్ల అరిచింది:
ఏం పెట్టకు, పక్కకు తిప్పి పండవెట్టు!
ఆటోల మెట్‌పల్లి దాక ఆయన తలకాయ నా ఒళ్ళోనే ఉన్నది.
పోయిన ఆటోల మనిషి మర్లి రాలే.

మా ఊర్ల గీసే తాళ్ళు నలభై,
డిపోల లేసే సీసలు దినాం ఆరు వందలు.
నడుమ తెల్లపొడి లెక్క
చిన్నపోరగాండ్లకు సుత ఎర్కే.

పోశవ్వ గుడికాడ అందరితోటి ఒట్టు పెట్టిచ్చిండ్రు.
ఒట్టు పెట్టిన చేతులే ఎక్కువ వణికినయి.
డాక్టరమ్మ అన్నది:
ఒక్కపారి ఇడిస్తే పానం మీదికొస్తది,
మెట్టు మెట్టు దిగాలె.
మిద్దె మీదికెల్లి దుంకుడును దిగుడంటరా?

లసుంబాయి దినాం వెయ్యి బీడీలు చేస్తది.
పొద్దుమీకి రెండు సీసలు.
నా సంచి దిక్కు చూసి అన్నది:
"తాగకుంటే నిద్ర రాదు,
నిద్ర లేకుంటే చెయ్యి ఆగదు,
చెయ్యి ఆగకుంటే దారం చుట్టుకోదు.
లూజు బీడీ కార్ఖానల తీసి పారేస్తరు.
ఒట్టు నేను పెడ్త,
నా కూలి ఎవలు పెడ్తరే?"

నా దగ్గర జవాబు లేకుండె.
డాక్టరమ్మ రాసిచ్చిన గోలీల పొట్లం ఉండె.
మొదలు వారం దినానికొకటి, నా ముంగటనే మింగుడు.
రెండో వారం సగం.
నేను బ్లేడు కోసం ఎతుకుతుంటే
ఆమె బీడీ కత్తెర తీసింది,
తునికాకు మీద పెట్టి కటుక్కున కోసింది.
రెండు ముక్కలు, తూకమేసినట్టు.
ముప్పై ఏండ్ల ఆకు కత్తిరిచ్చిన వేళ్ళాయె.

మల్లేశ్ పెండ్లాం బజాట్ల నిలదీసింది:
"డిపో బంద్ చేసిన సర్కారు
నీ సంచిల తెరిచిందా?"
ఆ మాట నాలుగొద్దులు
చెప్పుల రాయి లెక్క నాతోటే నడిచింది.
అయిదోనాడు మల్లేశే వచ్చి అరుగు మీద కూసున్నడు.
ఏం అడగలే. నేనూ ఏం అనలే.
మంచినీళ్ళిచ్చిన.

రిజిస్టర్ల రెండే గళ్ళు:
మానినోళ్ళు. మాననోళ్ళు.
లసుంబాయిని ఏ గడిల రాయాలె?
రెండు సీసలకెల్లి ఒకటికి దిగింది.
మనుమరాలి పురుడుకు పోయి మూడు తాగింది,
తెల్లారి తానే వచ్చి చెప్పింది,
తిడ్తననుకున్నదేమో, తల వంచుకొని నిలవడ్డది.
నేను కుర్చేసిన.
ఆమె పోయినంక స్కేలు పెట్టి
పెన్సిలుతోటి మూడో గడి గీసిన.
బతికున్నోళ్ళు, అని రాసిన.

సూపర్వైజరు మేడం అద్దాలు సగం దించి అడిగింది:
"ఇదేంది? ఫార్మాట్ల లేదు గద."
పాత పేజీ తిప్పి చూపెట్టిన.
ఇస్తారి పెదనాయిన పేరు
మానినోళ్ళల్ల ఉన్నది.
మేడం ఆ పేజీని జెరసేపు చూసింది,
సంతకం చెయ్యలే, గీత కొట్టెయ్యనూ లే.

ఇయ్యాల పావు గోలీ.
కత్తెరకు అందక పిండి పిండయింది.
ఆకు మీది పొడిని వేలుకద్దుకొని నాకింది.
"గిది ఎంతని రాస్తవే పిల్లా?"

నాకు అంకె తోస్తలేదు.
ఆమె చాట ఒళ్ళోకి గుంజుకున్నది.
దారం కొస జెరంత వణికింది.
ముడి వడ్డది.