నూట పన్నెండో పేజీ

ఆదివారం, అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు
పాత పుస్తకాల గుట్టలో దొరికింది.
నలభై రూపాయలు.
మొదటి పదహారు పేజీలు లేవు,
కాబట్టి పేరు లేదు, రాసినాయనా లేడు.
అరసున్నలూ బండి ఱలూ మాత్రం
ఒక్కటీ రాలకుండా ఉన్నాయి.
ఏదో సాహిత్య చరిత్ర.
ఇలాంటివి ఇంట్లో పదకొండున్నాయి,
అన్నిట్లోనూ అదే రాజు, అదే సభ, అవే ఏనుగులు.
నేను కొన్నది అంచుల కోసం.

ప్రతి అంచులోనూ పెన్సిలు రాతలు,
కుడి నుంచి ఎడమకు చీమలబారులా ఉర్దూ.
నా ఉర్దూ బస్సు బోర్డులు దాటదు.

ఛత్తా బజార్‌లో, పెళ్లికార్డుల ప్రెస్సుల మధ్య
బైండింగు చేసే దస్తగీర్ సాబ్
కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.
"అక్షరాలు మావే అమ్మా, జబాన్ మాది కాదు.
దీనికి మతలబే లేదు."
ఊరికే పైకి చదవండి, అన్నాను.
"మా... దక్... దుక్... దిక్కు..."
ఆగండి.
"మా దిక్కు... ఒక్కటి... లేదు."

తెలుగు!
కవుల ఊళ్ల పేర్లు వరసగా చెప్పిన పేజీ అది.
ఇంట్లో ఒక భాష మాట్లాడి
బడిలో ఇంకో లిపి దిద్దినవాళ్లెవరో
తమకున్న అక్షరాల్లోనే తగువాడుతున్నారు.

ఆయన చదువుతాడు, అర్థం కాదు.
నాకు అర్థమవుతుంది, చదవలేను.
పొట్టి అచ్చులు రాయని లిపి కదా,
ఒక్కో మాటకు మూడేసి తలుపులు తట్టాలి.
'సొరకాయ' పక్కన: ఆనిగెపుకాయ అనరాదా.
ఒక శృంగార పద్యం పక్కన: అబ్బో.
ఒక పెద్ద పీఠిక పక్కన: ఈయనకు ఆకలి కాదా.
టీ చల్లారిపోయింది. ఇద్దరం నవ్వుతున్నాం,
ఆయన ఎందుకు నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు.

నూట పన్నెండో పేజీ, చిట్టచివరి గీత.
"ఈడ ఆపిన. దీపంల... నోన్... నూనీ..."
నూనె!
"నూనె ఒడిసింది."
కింద తారీఖు, పదమూడు వందల యాభై ఏడు ఫసలీ.
దస్తగీర్ సాబ్ వేళ్ల మీద లెక్క కట్టి
"నేను పుట్టిన సాల్," అన్నాడు, అంతే.

'ఆపిన' అంటే ఆపింది మగమనిషో ఆడమనిషో
ఆ మాట చెప్పదు.
ఆ తర్వాతి ఆకులు మడతలు కోయనేలేదు.
అచ్చాఫీసు నుంచి ఎలా వచ్చాయో అలాగే,
డెబ్బై ఏళ్లకు పైగా
తమలో తామే చదువుకుంటూ.

ఆయన తోలు కోసే కత్తి ఇచ్చాడు.
మడత తెగిన చప్పుడు
ఎండుటాకు మీద పిల్లి నడిచినట్టుంది.
నూట పదమూడు తెల్లగా, కొత్తగా,
ముక్కుకు ఇంకా సిరా తగిలేంత కొత్తగా.

చదివాను.
యతి గురించి. తర్వాతి పేజీ కూడా యతి గురించే.
ఆ తర్వాత ప్రాసయతి.

నాంపల్లి దాకా నడుస్తూ అదే ఆలోచన:
ఆ రాత్రి నూనె నిజంగానే ఒడిసిందా,
మర్యాదకు అన్న మాటా.