దారం

మా బల్లార్షాల పొద్దు పొడిచేది తూర్పున కాదు,
మిల్లు సైరన్‌ల.
ఐదింటికి అది మొత్తుకుంటే
టేక్డీ వార్డు కుక్కలు గూడ లేచి ఒళ్ళు విరుచుకుంటయ్.
మా అక్క పోశుబాయి మాత్రం
పక్కకు తిరిగి పంటది.

పదిహేడేండ్లు చిప్పర్ పక్కన నిలబడ్డది.
వెదురును, సుబాబుల్‌ను నమిలిన ఆ యంత్రం
ఆమె చెవుల్ని గూడ నమిలింది,
తొందరేం లేకుండ.
ఇప్పుడు మిల్లు పిలిస్తే
ఆమెకే వినబడదు.

అందుకే దారం.
ఒక కొస అక్క కాలి బొటనవేలికి,
గోడ పగుల్లోంచి ఇంకో కొస నా మణికట్టుకు.
సైరన్ మొత్తుకోంగనే ఒక గుంజు, రెండో గుంజు.
అటునుంచి జవాబు గుంజు:
లేచిన్రా, సంపకు.

నాది ఫోన్లు బాగుచేసే దుకాణం, బస్టాండ్ ఎదురుంగ.
పగిలిన అద్దాల నడుమ కూసోని కూసోని
ఒకనాడు నాకే సిగ్గనిపించింది.
పాడువడ్డ సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్,
పెండ్లి మండపంల మిగిలిన ఎల్ఈడీ పట్టీ మూరెడు,
గోరంత వైఫై బోర్డు,
వెలుగు కండ్లల్ల గుచ్చకుండ
శ్రీఖండ్ డబ్బా మూత.

మొదటిసారి భగ్గున వెలిగింది.
దొంగలు పడ్డరని అక్క చీపురు పట్టింది.
రెండోసారి కరెంటు పోయొచ్చి
బోర్డు గంటలు మరిచింది, నడిజామునే తెల్లార్చింది.
ఎసరు పెట్టి, బియ్యం కడిగి,
వాకిట్లకొచ్చి చుక్కల్ని చూసి
అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.
ఇగ ఫోన్‌కు నేర్పిన:
కరెంటొచ్చినప్పుడల్లా
ఆ పిచ్చిదానికి టైమెంతో చెప్పు.

ఇరవై నిమిషాలు.
తెరమీద వేలితో జరిపి జరిపి మలిచిన.
ముందు బూడిద కింద నిప్పు,
ఎవరూ ఊదనిది.
అటెన్క మోదుగు మొగ్గ.
అటెన్క పసుపు నీళ్ళు.
ఆఖరికి తెలుపు పెట్టమంది యాప్.
పెట్టలే.
పదిహేడేండ్ల కాయితం చూసిన కండ్లు అవి.

ఆ రాత్రి అక్క దారం విప్పి, ఉండ చుట్టి,
గుండీల డబ్బాల దాసుకున్నది.
పారెయ్యమంటే వినబడనట్టు చేసింది.
ఉట్టి మణికట్టు ఎంత తేలికో
నాకు నిద్ర పట్టలే.

నాలుగూ నలభై. సైరన్ ఇంకా గొంతు సవరించుకోలే.
గోడ పగుల్లోంచి
సన్నని ఎర్ర గీత ఒకటి దూరి,
దారమంత పొడుగు సాగి,
నా మణికట్టు మీద వాలింది.
కదలకుండ చూసిన,
అది నారింజకు తిరిగేదాక.
అవతల గాజులు కదిలినయ్.

అలవాటుకొద్ది చెయ్యి గుంజిన.
ఏం కట్టి ఉందని?

గీత తెగింది.
మళ్ళ వచ్చింది.
తెగింది.
మళ్ళ వచ్చింది.

పగులుకు అడ్డంగ అక్క అరచెయ్యి:
రెండు గుంజులు.